పెనాల్టీకి వీపు తిప్పిన మనిషి

మొన్న శనివారం మా ఊరు నోవైలో చిన్నపిల్లల సాకర్ మ్యాచ్‌లో పెనాల్టీ ఇచ్చారు. కోచ్ మా అమ్మాయే. బంతి పెట్టగానే మా అమ్మాయి మైదానానికి వీపు తిప్పి, ఫోల్డింగ్ కుర్చీల్లో కూర్చున్న మా వైపు చూస్తూ నిలబడింది. అలా నిలబడే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆయన పోయి చాలా కాలమైంది.

ఆయనది స్పెయిన్. వయసులో ఉండగా అక్కడ పేరున్న క్లబ్బుకి ఆడి, తర్వాత పెద్ద జట్లకి మేనేజర్‌గా చేసి, చివరికి కూతురి దగ్గర ఉందామని ఈ మిషిగన్ మంచులోకి వచ్చిపడి, మా ఇంజనీర్ల పిల్లలకి బంతి తన్నడం నేర్పారు. ఆ గొప్పతనం మాకేం తెలుసు? "కోచ్, మా అమ్మాయిని ఓపెనింగ్‌కి దింపండి" అని మా ఆయన క్రికెట్ సలహాలు కూడా ఇచ్చేవారు. ఆయన నేను తెచ్చిన పులిహోర తింటూ బుద్ధిగా తలూపేవారు. పెనాల్టీ వస్తే మాత్రం ఇటు తిరిగిపోయేవారు. గోలో కాదో మా ముఖాల్లో చూసి తెలుసుకునేవారు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. కుర్రతనంలో పెద్ద మ్యాచ్‌లో పెనాల్టీ పోగొట్టి తలెత్తితే, జనంలో వాళ్ల నాన్న ముఖం కనపడిందట. తర్వాత ఎన్ని కప్పులు గెలిచినా ఆ ముఖం తనని వదల్లేదని చెప్పి, తింటున్న ప్లేటు పక్కన పెట్టేశారు.

ఆయన ఆఖరి సీజన్ అది. జబ్బుతో గొంతు కూడా సరిగా వచ్చేది కాదు. ఫైనల్‌లో మా అమ్మాయికి పెనాల్టీ వచ్చింది. ఆయన ఎప్పట్లాగే ఇటు తిరిగి నన్నే చూస్తున్నారు. బంతి గోల్ పైనుంచి ఎగిరిపోయింది. నా ముఖం ఎలా అయిందో ఏమో, ఆయన వంగి, నాకు మాత్రమే వినపడేలా, "స్మైల్, సెన్యోరా. షీ విల్ టర్న్ నౌ" అన్నారు. ఏడుపు దిగమింగుకుని నవ్వాను. మా అమ్మాయి వెనక్కి తిరిగి ముందు నా ముఖమే చూసింది. ఆ చలికాలంలోనే ఆయన పోయారు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

మొన్న బంతి తన్నిన చప్పుడు వినపడింది. నా పక్కన కూర్చున్న, ఆ పెనాల్టీ తన్నిన పిల్ల తల్లి ముఖం మాడిపోయింది. మా అమ్మాయి వెనక్కి చూడనైనా చూడకుండా ఆవిడ వైపు వంగి మెల్లగా అంది.

"స్మైల్, ఆంటీ. షీ విల్ టర్న్ నౌ."

ఆవిడ నవ్వింది. కాలం ఆయన్ని తీసుకుపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ, మా కుర్చీల ఎదురుగా, మా ముఖాలు చూసేలా ఆయన్ని ఇక్కడే నిలబెట్టి కాలమొక్కటే వెళ్లిపోయింది.