సొరకు జ్వరం చూసిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు ఈత రాదు, పట్టుదల మాత్రం బాగా వచ్చు. ఆ పట్టుదలతోనే సొరచేపలన్నిటిలోకీ వేగంగా ఈదే ‘మాకో’ అనే జాతి సొరతో తలపడ్డాను. వీరగాథ అనుకుని సర్దుకు కూర్చోకండి. నేను తలపడేసరికి అది చచ్చిపోయి ఉంది. (నేను మోకాలి లోతు కూడా దిగలేదు.)

రాజాంలో డిగ్రీ ఆఖరి ఏడాది, జువాలజీ సెమినార్. మాకో ఆగితే దానికి ఊపిరాడదు, ఈదే కండల్లో పుట్టిన వేడిని నీళ్లకు వదలకుండా ఒంట్లోనే దాచుకుంటుంది, అందుకే అంత వేగం అని దంచాను. "చేప ఒళ్లు వెచ్చగా ఉంటుందా?" అన్నారు మేడమ్. "నెట్‌లో చదివింది కాదు, చూసింది చెప్పు. లేకపోతే సెమినార్ మళ్లీ ఇవ్వాలి." వెనక బెంచీ నవ్వింది. వాళ్లని నవ్వించేది మామూలుగా నేనే, కానీ నేను అనుకున్నప్పుడు మాత్రమే. పంతం పట్టాను.

చేప వాసనేస్తే గుమ్మం బయటే స్నానం చేయించే చీపురుపల్లి కిరాణా కొట్టు ఇల్లు మాది. అయినా అమ్మ జ్వరం చూసే థర్మామీటరు జేబులో వేసుకుని మూడు ఆదివారాలు పూసపాటిరేగ అవతల రేవుకి తిరిగాను. రెండుసార్లు కవళ్లే, వెండిలా మెరిసే చిన్న చేపలు. మూడోసారి క్లాస్‌మేట్ వాళ్లమ్మ, చేపలమ్మే అత్త, కేకేసింది: "ఒరే, నీ సొర వచ్చీసినాది! ఇప్పుడే ఒడ్డుకి లాగినారు!"

నీలం వీపు, తెల్ల పొట్ట, మూసిన నోట్లోంచి కూడా బయటికి చూస్తున్న పళ్లు. థర్మామీటరు తీశాను. "ఏటి బాబూ, సచ్చిన సేపకి జొరమేటి?" అన్నాడు పడవ మావ. "నోట్లో ఎట్టకురా, సచ్చినా కరిసీగలదు!" అంది అత్త. చివరికి ఆమే జాలిపడి వెన్ను పక్కన ఎర్ర కండ దాకా కోసింది. పరీక్ష హాల్లో కూడా చూపించని శ్రద్ధతో రెండు నిమిషాలు పెట్టి ఉంచాను. పాదరసం కదల్లేదు. ఇంకో ఐదు నిమిషాలు. కదల్లేదు.

"ఏలు ఎట్టి సూడు," అంది అత్త. పెట్టాను. గోరువెచ్చగా ఉంది! పక్క గంపలో కవళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి. "ఈ జాతి కోస్తే లోపల ఎచ్చగా ఉంటాదని మాకు తెల్దేటి? అడిగితే సెప్పీదాన్ని కదరా!"

సోమవారం మేడమ్ ఒకటే అడిగారు: "థర్మామీటర్ ఎంత చూపించింది?" నేను వేలు చూపించాను. సెమినార్ మళ్లీ ఇచ్చాను, వానపాము మీద.

మూడు ఆదివారాలు ఎండలో నిలబడ్డ ఆ మొండి కుర్రాడు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు కూడా. కాకపోతే ముందే థర్మామీటరు పెట్టె మీద రాసింది చదవాల్సింది. సొర ఎంత వెచ్చగా ఉన్నా మనిషంత వెచ్చగా ఉండదు. జ్వరం చూసే థర్మామీటరు తొంభై నాలుగు డిగ్రీల నుంచే మొదలవుతుంది.