టాకీసు కప్పు మీద నేనేసిన మట్టి

పోయిన నెల ఒక మంగళారం పొద్దుగాల ఫోనొచ్చింది. నేను మా పాలిష్ ఫ్యాక్టరీల బండల లారీని వెనక్కి తీపిస్తున్న. టాకీసు ముందటి చాయ్ హోటలాయన మాట్లాడుతుండు. "అక్కా, కాక లేస్తలేడు" అన్నడు. డాక్టర్‌ని పిలువుమన్న. "పిలిచిన. ఇగ లేవడంట" అన్నడు. టాకీసు బుకింగ్ రూంల, తన మంచం మీద, గోడ దిక్కు తిరిగి పండుకున్నట్టే పోయిండు. కొడంగల్ నుంచి ఆయన బిడ్డ మొదటి బస్సుకే వచ్చింది. నేను పోయేసరికి ఆమె తండ్రి చేతులు పట్టుకొని కూసున్నది. ఆ చేతుల నిండ సున్నం పగుళ్లు. నాకు ఆ చేతుల దిక్కు చూసే మొఖం లేకుండె. ఎందుకు లేకుండెనో చెప్పనీకే ఇది రాస్తున్న.

తాండూరుల ఆయనను అందరు ఆపరేటర్ కాక అంటరు. టాకీసుల మిషన్ నడిపినోడు, అది బంద్ అయినంక కావలి ఉన్నోడు. మా అమ్మగారింటి వెనక గోడ, టాకీసు పక్క గోడ ఒక్కటే. గోడకు చెవి పెడితే సినిమా మొత్తం వినపడేది. నేను చూసిన సినిమాల కన్న విన్న సినిమాలే ఎక్కువ. ఆ గోడ ఎంత దొడ్డుగ ఉంటదంటే, ఎండకాలం మా వెనక అర్రల ఫ్యాను అక్కర లేకుండె. నిజాం కాలంల నాటకాల కోసం కట్టిన్రంట. మొత్తం తాండూరు బండే. గోడలు బండ, మెట్లు బండ, టేకు దూలాల మీద కప్పు కూడ బండే. ఇయ్యాల ఊరంత బండలు కోసుకొని బతుకుతున్నం గాని, అట్ల ఒక్క గోడ లేపుమంటే ఒక్కనికి రాదు.

కాక అండ్ల చేరింది మిషన్ మీద గాదు, పర్దా మీద. నాటకాల పర్దా అనుకునేరు. ఎనుకట లేడీస్ క్లాసు ముందట ఒక పర్దా ఉండేది. లైట్లు ఆర్పినంక అది తియ్యాలె, లైట్లు వేసే ముందే మళ్ల వెయ్యాలె. ఆడోళ్లు సినిమా చూడొచ్చు గని ఆడోళ్లను ఎవ్వరు చూడొద్దు. ఆ తాడు గుంజే పని కాకది. ఒకసారి ఆట నడుమ రీలు తెగి లైట్లు పడ్డయంట. తాడు ముడి పడి పర్దా దిగలే. ఏం చేస్తడు? బెంచి మీదికెక్కి, పర్దా కొసలు రెండు చేతులతోని చాపి పట్టుకొని, ఆడోళ్లకు వీపు పెట్టి, కండ్లు గట్టిగ మూసుకొని నిలవడ్డడంట, రీలు అతికించేదాక. మా అమ్మ ఇది చెప్పి పొట్ట పట్టుకొని నవ్వేది. "మా దిక్కు వీపే పెట్టె కదా, కండ్లెందుకు మూసుకున్నడో పిచ్చోడు" అనేది. నేను పెద్దగైనంక కాకనే అడిగిన. ముందట మొగోళ్లు పండ్లు ఇకిలిస్తుంటే చూడలేక మూసుకున్న అన్నడు.

తర్వాత మిషన్ నేర్చుకున్నడు. మిషన్ రూంల చెప్పులతోని ఎవ్వర్నీ అడుగు పెట్టనియ్యకపోయేది. ఓనరే వచ్చినా బయట విడిచి రావాలె. ఓనర్ పోయిండు, వారసులు పాళ్ల కోసం కోర్టుకు పోయిన్రు, టాకీసు బంద్ అయింది. కొన్నేండ్లు కందుల గోదాం చేసిన్రు. ఆనక అదీ లేదు. అందరు చేతులు దులుపుకున్నరు. కాక ఒక్కడే పోలే. ఎవ్వరు ఉండుమనలే, ఎవ్వరు పొమ్మనలే. రోజు మ్యాట్నీ టైంకు తలుపులు బార్ల తెరిచి, వెనక వరుసల కూసుండేది. ఎవరన్న ఏం చేస్తున్నవు కాకా అంటే గాలి ఆడాలె గదా అనేది.

ఆయన అసలు పని కప్పు మీద. ఏటేటా మిరుగు కార్తె వానలు రాకముందే సున్నం నానబెట్టేది. డంగుల, గదే రాతి గానుగల, నూరిపిచ్చి, అండ్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, ఆ ముద్దతోని బండల సందులు నింపేది. మీద పలచగ సున్నం గచ్చు వేసి చెక్కతోని కొట్టేది. వారం రోజులు దబ్ దబ్ అని మా అమ్మగారింట్ల ఒకటే చప్పుడు. ఆ చప్పుడు వినపడితే మా అమ్మ పిడకలు లోపట పెట్టిచ్చేది, వానలొస్తయని. ఎనభై దాటినా ఆయన ఆ పని ఇంకొకరికి ఇయ్యలే.

ఇప్పుడు నా సంగతి. మూడేండ్ల కింద ఆ కప్పు ఒక మూలకు కారుడు షురూ అయింది. కాక సున్నం కోసం తిరుగుతుండు, మంచి సున్నం దొరుకుతలేదు. నాకు చూడ బుద్ధి గాలే. నా ఫ్యాక్టరీల బండలు పాలిష్ చేస్తే వచ్చే తెల్ల బురద గుట్టలు గుట్టలు పడి ఉంటది. ఎండినంక అది గడ్డపారకు కూడ లొంగదు. తాండూరుల ఎవర్నడిగినా, అది సిమెంట్ లెక్కనే అంటరు. గుంతలల్ల పోస్తరు, తొవ్వల మీద పోస్తరు. బండల ఊర్ల పుట్టిన, బండల మీదనే బతుకుతున్న, నాకు తెల్వదా అనుకున్న. ట్రాక్టర్లతోని ఆ మట్టి పంపిచ్చి, కప్పంత బెత్తెడు మందం పరిపిస్త అన్న.

కాక వద్దన్నడు. నన్నెప్పుడు ఎదురు మాట అననోడు ఆ రోజు మెట్ల మీద అడ్డం నిలవడ్డడు. "బిడ్డా, సున్నం తడుస్తది, మళ్ల ఆరుతది. గీ మట్టి తాగిన నీళ్లు ఇడువది. దూలాలు మోయలేవు" అన్నడు.

నేనేమన్ననో రాయాలంటే చెయ్యి వస్తలేదు. అయినా రాస్త. "నీ సున్నం కాలం పోయింది కాకా, జర పక్కకు జరుగు, పనోళ్లు ఎండల నిలవడ్డరు" అన్న. ఆయన నా మొఖం చూసి పక్కకు జరిగిండు. నా పనోళ్లు రెండు రోజులల్ల మట్టి పరిచేసిన్రు. ఆ ఏడు చుక్క కారలే. నేను ఊరంత చెప్పుకున్న. కాకకు కూడ పోయి చెప్పిన, చూసినవా అని. ఆయన చాయ్ తెప్పిచ్చిండు గని అవును అనలే.

రెండో ఏడు వానలకు స్టేజీ మీది దూలాలు నల్లబడ్డయి. కాక ఫ్యాక్టరీకొచ్చి మెల్లగ చెప్పిండు, మట్టి తీపియ్యాలె బిడ్డా అని. నాకు ఆర్డర్లు ఉండె, పనోళ్లు దొరుకుతలేకుండె. పాత బిల్డింగ్ అన్నంక కారదా కాకా, ఎండకాలం చూద్దాం అన్న. ఎండకాలం వచ్చింది, పోయింది. నాకు యాదికే రాలే. పోయిన ఏడు ముసురు వారం రోజులు పట్టింది. ఒక పగటి పూట స్టేజీ మీది కప్పు మొత్తం కూలింది. కింద ఎవ్వరు లేకుండిరి, అదొక్కటే మేలు.

కూలిన తెల్లారి ఊరంత వచ్చి ఫోటోలు దిగిన్రు. ఇరవై ఏండ్లు ఆ గేటు దిక్కు తిరిగి చూడనోళ్లు, అయ్యో మన టాకీసు అని సెల్లుల రాసిన్రు. చూడనీకి వచ్చిన సర్కారు సార్లు కింద నిలవడే కాయితం రాసిన్రు. మీదికి పోయే మెట్లకు తాళమేసిన్రు. ఆ కాయితంల ఏమున్నదంటే, కావలి మనిషి సరిగ చూసుకోనందుకు కూలింది, మిగిలింది కూడ వచ్చే వానలకు ముందే కూలగొట్టాలె అని. కాకను పక్కన పెట్టుకొని చదివిన్రు. నేను అక్కడనే ఉన్న. నోరు తెరవలే. పెద్ద పెద్ద లారీ డ్రైవర్లను అదిలిచ్చే నోరు నాది, ఆ రోజు పెగలలే.

అందరు పోయినంక నేనే కాక దగ్గరికి పోయిన. సార్లకు చెప్త కాకా, మట్టి నాదని చెప్త అన్న. ఆయన తలకాయ అడ్డం ఊపిండు. "నిన్ను తిప్పుతరు. ఫ్యాక్టరీ మీదికి వస్తరు. నాకైతే ఏమున్నది తీసుకపోనీకి" అన్నడు. నాకు అది అనుకూలంగ దొరికిన మాట. పట్టుకొని ఇంటికి వచ్చిన. సిగ్గు లేకుండ చెప్తున్న, ఆ రాత్రి నిద్ర కూడ పట్టింది.

ఆనక ఆయన వికారాబాద్ జిల్లా ఆఫీసుకు తిరుగుడు షురూ చేసిండు. వారానికోసారి పొద్దుగాల రైలు, చేతుల గొడుగు, సంచిల అర్జీ. స్టేజీ ఒక్కటే పోయింది, మిగిలింది గట్టిగున్నది, ఒక్కసారి మీదికెక్కి చూడున్రి అని అదొక్కటే అడిగేది. ఒకసారి నేను కూడ పోయిన. ధారూర్ దాటేదాక కిటికీల నుంచి చూసుకుంటనే ఉండె. ఆఫీసుల మమ్మల్ని మూడు బల్లలు తిప్పిన్రు. మూడో బల్లాయన మొదటి బల్ల దిక్కే చెయ్యి చూపిండు. నేను లేచి అరవబోయిన. కాక నా కొంగు పట్టి కూసోబెట్టిండు. బయటికొచ్చినంక, నువ్వు అరుస్తే వాళ్లకు నీ అర్పు యాదుంటది, నా అర్జీ యాదుండదు బిడ్డా అన్నడు. వాళ్లకు ఏదీ యాదుండలే. ఆఖరికి ఎక్కి చూసినోడు ఒక్కడు లేడు.

ఆయన పోయినంక మార్కెట్ దగ్గర సంతాప సభ పెట్టిన్రు. ఫోటోకు దండేసిన్రు. ఫ్లెక్సీ మీద ఆయన కన్న పెద్దగ వేరేటోళ్ల మొఖాలున్నయి. ఒక పెద్దమనిషి మైకు పట్టుకొని, కాక మంచోడు, కని వయసు మీదపడి కప్పు చూసుకోలేకపోయిండు, ఏం చేస్తం అన్నడు. ముందట కూసున్న కాక బిడ్డ తలకాయ వంచుకున్నది. అప్పుడు లేచిన. మైకు గుంజుకున్న.

"కప్పు కూల్చింది నేను. వద్దంటున్నా వినకుంట నా ఫ్యాక్టరీ మట్టి పోపిచ్చిన. ఆయన నా పేరు చెప్పకుండ పోయిండు" అన్న.

ఏమైతదనుకున్నరు? ఏం కాలే. ఆ పెద్దమనిషి నా భుజం తట్టి, అక్క దుఃఖంల ఉన్నది, కూసోబెట్టున్రి అన్నడు. ఇంకొకాయన, మట్టికి కప్పు కూలుతదా అక్కా, మా గోదాం మీద కూడ అదే పోపిచ్చిన అన్నడు. తాండూరుకు చెప్పి లాభం లేదు. నేను తప్పు ఒప్పుకుంటే కూడ తీసుకునే దిక్కు లేదు. కాక బిడ్డ ఒక్కతే నా దిక్కు చూసింది. కోపంగనా, మరెట్లనా, నాకు తెల్వలే. అడిగే ధైర్యం కాలే.

తెల్లారి వికారాబాద్ పోయిన. తప్పు కావలి మనిషిది గాదు, నాది, కాయితం మార్చున్రి అని సంతకం పెట్టి ఇచ్చిన. బల్ల మీదాయన చదివి, అర్జీదారు మరణించిండు గదమ్మా, ఫైలు మూసేసినం అన్నడు. తప్పు రాసిన కాయితం మాత్రం నడుస్తదంట, అది మార్చుమన్న మనిషి పోయిండు గనుక మారదంట. ఈసారి నన్ను కూసోబెట్టనీకి కాక లేకుండె. అరిచిన. బరాబర్ అరిచిన. ఆఫీసంత లేచి నిలవడ్డది. ఫైలు మాత్రం లేవలే.

ఇగ ఎవ్వర్నీ అడుగొద్దనుకున్న. వానలు పడితే మిగిలిన కప్పు కూడ కూలుతది, వాళ్ల కాయితమే నిజమైతది. నా మట్టి నేనే తీపిస్త అని, నలుగురు పనోళ్లను తీసుకొని, పార, గడ్డపార పట్టుకొని టాకీసుకు పోయిన. మెట్ల తాళం పగులగొట్టిచ్చిన. కేసు రాసుకుంటే రాసుకోనియ్యిన్రి.

మీదికి పోవాలంటే మిషన్ రూంలకెల్లే తొవ్వ. తలుపు తోస్తే సగమే తెరుచుకున్నది. లోపట సిమెంటు సంచులు, గోడకు ఆనిచ్చి ఒకదాని మీదొకటి, మిషన్ కిటికీల దాక. అన్ని సగం సగమే నింపి సుతిలి దారంతోని మూతులు కట్టి ఉన్నయి. కాక సున్నమేమో అనుకొని ఒకటి విప్పిచ్చిన. నా మట్టి. గడ్డలు గడ్డలుగ పగులగొట్టిన నా ఫ్యాక్టరీ మట్టి. సగం సంచి ఎందుకో పనోడు చెప్పిండు. నిండ ఉంటే ముసలాయన లేపలేడమ్మా అన్నడు.

మూలకున్న నిచ్చెన ఎక్కి కప్పు మీదికి పోయిన. పరిచిన మట్టి లేదు. వెనక దిక్కు నుంచి చూసుకుంట పోతే, కింద బాల్కనీ, లేడీస్ క్లాసు, కుర్చీలు ఉన్న జాగ మీది కప్పంత, ఎక్కడా లేదు. తీసిన జాగంత సందులు నింపి, గచ్చు కొట్టి, తెల్లగ ఉన్నది. ఎండకాలం చూద్దాం అని నేను మర్చిపోయిన ఏడు, ఆయన మర్చిపోలే. తాళమేసేదాక, ఒక్కడే, ఎండల కూసొని పలుగుతోని చెక్కుకుంట పోయిండు. కప్పు మీద పని ఎక్కడ ఆగిందో పనోళ్లు చూపిచ్చిన్రు. అక్కడ నా మట్టి బెత్తెడు ఎత్తున, కత్తితోని కోసినట్టు నిలవడి ఉన్నది. ఇవతల ఆయన సున్నం. అవతల జర దూరంల కప్పు తెగిపోయి, కింద స్టేజీ మీద పడ్డ ఎండ కనపడుతున్నది. మట్టి మీద మెల్లగ అడుగులు వేసుకుంట ఆ అంచు దాక పోయి చూసిన. కాకకు మిగిలింది పది అడుగులే.