అంగట్లోంచి దారి

మా ఇంటికి రెండు దారులు. ముందు కిరాణా అంగడి, వెనక పెరటి సందు. తిరువళ్ళూరు బజారులో మా వాళ్ళ ఇళ్ళన్నీ ఇంతే, ముందు వ్యాపారం, వెనక సంసారం. అంగడి తెరిచి ఉన్నంతసేపూ ఇంటి ఆడవాళ్ళు అందులో అడుగు పెట్టకూడదు. బోణీ వేళయితే మరీ తప్పు. పాలకు పోవాలన్నా పెళ్ళికి పోవాలన్నా సందులోంచే, కాలవ మీది బండలపై పక్కకు తిరిగి నడుస్తూ. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేనూ అలాగే నడిచాను. కోపం రాలేదా అంటే, వచ్చింది. గిన్నెల మీద చూపించాను.

ఆ కట్టుబాటు ఒకే ఒక్కరు దాటారు. మా ఆయన మేనత్త. మా వాళ్ళలో మిలిటరీ నర్సుగా పోయిన మొదటి ఆడమనిషి ఆవిడే. తండ్రి గద్దె మీద కూర్చుని అగరొత్తి వెలిగిస్తుంటే, పెట్టె పట్టుకుని ఆయన కళ్ళ ముందు నుంచే వీధిలోకి దిగిందట. ఆయన ఆ రోజంతా అంగడి మూసేశాడు. తర్వాత సెలవులకు వస్తే సందులోంచే రానిచ్చారు, అదీ పెరట్లో తలకు పోసుకున్నాక. పరాయి మగవాళ్ళ పుళ్ళు కడిగిన చేతులు గదా! యుద్ధం వచ్చినప్పుడు సరిహద్దు ఆస్పత్రిలో నిద్ర లేకుండా పనిచేసిన మనిషి, మేజర్‌గా రిటైరయిన మనిషి, పుట్టింట్లో మంచినీళ్ళు అడిగి తాగేది.

చాలా ఏళ్ళుగా ఆవిడ మా దగ్గరే ఉంది. తుంటి విరిగి చక్రాల కుర్చీకి అంటుకుపోయింది. ఆ కుర్చీ సందులో పట్టదు. అంగట్లోంచి తీసుకుపోవడానికి వీల్లేదు. ఇంకేముంది, మిరపకాయల బస్తాల పక్కగదిలో తుమ్ముకుంటూ కూర్చోవడమే. నేను కనీసం సందులో అయినా నడుస్తాను. "మంచులో గుడారమేసుకొని పడుకున్నాను అమ్మాయ్, ఆడ గూడా ఇట్ల ఊపిరాడకుండా లేదు," అనేది నాతో.

నా కూతురు ఆ గదిలోనే పెరిగింది. బ్యాండేజీ చుట్టడం, నాడి చూడడం బొమ్మలాటలాగా నేర్చుకుంది. పెద్దయ్యాక పరీక్ష రాసి మిలిటరీ నర్సింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. మా ఆయన వద్దన్నాడు. "పెండ్లి గాని పిల్లలకే గదా ఆ చదువు? పెండ్లి కుదిర్చేస్తే సరిపాయ," అన్నాడు. అరిచినా బాగుండేది. నవ్వుతూ అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా కుల సంఘం వాళ్ళకు అత్త గుర్తొచ్చింది. తిరుత్తణిలో సంఘం కల్యాణ మండపం ఉంది, అక్కడ సన్మానం చేస్తామన్నారు. మా ఆయన ఎగిరి గంతేశాడు. ఎందుకంటే, ఆయన చూసిన సంబంధం వాళ్ళు ఆ ఊళ్ళో హార్డ్‌వేర్ అంగడి వాళ్ళు. సన్మానానికి వస్తారు, పిల్లను చూస్తారు, భోజనాలయ్యాక అక్కడే తాంబూలాలు మార్చుకుంటారు. అత్తకు వేసే దండ నా కూతురి మెడకు ఉరి అని ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురికీ తెలుసు. ఏం చేయాలో ఒక్కరికీ తెలియలేదు. నాకైతే అన్నం దిగలేదు.

ఆ రోజు అంగడి తెరవకముందే అత్త కుర్చీని కూలీలు మోసుకెళ్ళి కారెక్కించారు. దారంతా ఆవిడ అద్దానికి ముఖం ఆనించుకుని చూస్తూనే ఉంది. తిరుత్తణిలో గుండ్లకు గంధం పూసుకున్న జనం కొండ దిగి వస్తున్నారు. మండపం వాకిట్లో పెద్ద ఫ్లెక్స్ కట్టారు. అందులో ముఖం అత్తదే. మేమిచ్చింది యూనిఫారంలో ఉన్న ఫొటో. స్టూడియోవాడు యూనిఫారం పీకేసి పట్టుచీర కట్టాడు. భుజాల మీది నక్షత్రాలు పోయి మెడలో కాసుల పేరు వచ్చింది. టోపీ ఉండాల్సిన చోట కనకాంబరాలు.

"యూనిఫారం అయితే మనోళ్ళ ఫంక్షన్‌కు బాగుండదని మార్పించినామమ్మా. లక్ష్మీకళగా ఉండాది గదా?" అన్నాడు సంఘం పెద్ద, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

స్టేజీ మీద ఒకరి తర్వాత ఒకరు పొన్నాడ కప్పారు. ఆ శాలువాల కింద అత్త చేతులు కూడా కనిపించకుండా పోయాయి. చెమట తుడుచుకునే వీల్లేదు, నేనే తుడిచాను. సంఘం పెద్ద మైకులో, "ఈ తల్లి దేశం కోసం పెండ్లిని గూడా త్యాగం చేసింది," అన్నాడు. "త్యాగమా? జీతం తీసుకున్నాను," అని అత్త నా చెవిలో గొణిగింది. ముందు వరసలో సంబంధం వాళ్ళ మధ్య నా కూతురు తల దించుకుని కూర్చుంది.

మైకు అత్త నోటి దగ్గర పెట్టారు.

"ఆ బొమ్మలో ఉండేది నేను గాదు. ఆయమ్మెవరో బాగుండాది, ఈ పొన్నాడలన్నీ ఆయమ్మకే కప్పండి," అంది. జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఈ ఉద్యోగానికి పోయినానని మా నాయన సచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఈ పొద్దు మీరంతా చప్పట్లు కొడతా ఉండారు. సరి. మా మేనల్లుడు ఈడనే ఉండాడు. వాని బిడ్డకు గూడా నేను జేసిన ఉద్యోగమే వస్తా ఉండాది. దాన్ని పంపిస్తానని ఈ మైకులో చెప్పమనండి. చెప్తే మీ మర్యాద తీసుకుంటాను. లేకుంటే ఎవురి పొన్నాడ వాళ్ళు ఎత్తుకొని పోండి."

మండపమంతా మా ఆయన వైపు తిరిగింది. వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అవి ఆగలేదు. మా ఆయన ఎలాంటివాడైనా నలుగురిలో అన్న మాట తప్పడు, వ్యాపారం చేసేవాడికి అదే ఆస్తి. ఎర్రగా కందిపోయిన ముఖంతో మైకు దగ్గరికి వచ్చి, "పంపిస్తాను," అన్నాడు. సంబంధం వాళ్ళు భోజనానికి ఆగలేదు. నేను మాత్రం రెండోసారి పాయసం వేయించుకున్నాను.

కూతురు బయల్దేరే పొద్దున ఆయన అంగడి తెరిచి గద్దె మీద కూర్చున్నాడు. లోపలికి తిరక్కుండానే, "పంపిస్తానంటిని, పంపిస్తా ఉండాను. సందులో పొమ్మను. బోణీ వేళ," అన్నాడు.

"పోనీలేమ్మా, రైలుకు టైమయింది," అని పిల్ల పెట్టె ఎత్తుకుని పెరటి వైపు తిరిగింది.

ఇంటికీ అంగడికీ మధ్య గడప దగ్గర అత్త కుర్చీలో ఉంది. ఉతికిన జరీ అంచు చీర కట్టుకుని తెల్లారక ముందు నుంచే తయారుగా ఉంది. పిల్ల వీపు వైపు చూసింది, అంతే. అంతమంది ముందు గెలిచిన మనిషి ముఖం అలా పడిపోవడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఈసారి గిన్నెలు దగ్గర్లో లేవు.

"ఇటు రా. అవ్వ కుర్చీ పట్టుకో," అన్నాను కూతురితో.

ఇద్దరం కుర్చీని గడప దాటించాం. కందిపప్పు బస్తాల మధ్య నుంచి, ఆయన వెలిగించిన అగరొత్తి పొగలోంచి నెట్టుకుంటూ పోయాం. బోణీకి వచ్చిన మనిషి సంచి పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. "ఏమే, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాడు మా ఆయన.

"ఆయన నిలబడుండాడు, పప్పు తూకమెయ్యి," అన్నాను. కుర్చీ ఆపకుండా నెట్టాను.

మెట్టు దింపాక పిల్ల అవ్వ పాదాలకు మొక్కి ఆటో ఎక్కింది. ఆటో బజారు మలుపు తిరిగేదాకా చూసి, నేను కుర్చీని లోపలికి తిప్పబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు అమ్మాయ్. ఇంకాసేపు."

వెనక తక్కెడలో రాళ్ళు పడే చప్పుడు వినిపించింది. నేను కుర్చీకి బ్రేకు వేసి, ఆవిడ పక్కన మా అంగడి మెట్టు మీద కూర్చున్నాను.