కుడి పేజీలో నేను రాసిన నాలుగు ముక్కలు

నా చిన్నప్పుడు సికింద్రాబాదు చుట్టుపక్కల కూరగాయలు పండించేవాళ్ళకు పురుగు పడితే అడగడానికి ఎరువుల దుకాణం ఉండేది. అక్కడ ఏ ప్రశ్నకైనా జవాబు ఏదో ఒక పురుగుమందు డబ్బాలో దొరికేది. డబ్బా వద్దనుకున్నవాళ్ళు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా ఇంటి ముందుగదికి వచ్చేవారు.

మాతో ఉండే మా మేనత్త బడిలో సైన్సు చెప్పేది. ఆమెకు సెంటు భూమి కూడా లేదు. అయినా మందులు కొట్టకుండా పంట తీసే పద్ధతి ఎక్కడ కనబడినా, వినబడినా వదిలేది కాదు. కరపత్రాలు, పత్రికల్లోంచి కత్తిరించిన ముక్కలు, రేడియోలో రైతుల కార్యక్రమం వింటూ రాసుకున్నవి, ఎవరో ముసలి రైతు దారిలో చెప్పిన చిట్కా, అన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులోకి చేరేవి. మోండా మార్కెట్లో అమ్మగా మిగిలిన కూరగాయలను మా క్వార్టర్లలో తిరిగి అమ్ముకునే ఆడవాళ్ళు, ప్యాసింజరు వేళయ్యేదాకా మా ముందుగదిలో కూర్చునేవారు. తొమ్మిదేళ్ళ నేను వాళ్ళకు ఆ పుస్తకం చదివి వినిపించేదాన్ని.

ఆ పుస్తకానికి ఒక నియమం ఉంది. ఎడమ పేజీలో విన్నది రాయాలి. కుడి పేజీలో చేసి చూసింది రాయాలి. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పంట మీద చేశారు, ఏమైంది అన్నది బాగైనా చెడినా ఉన్నదున్నట్టు ఉండాలి. చాలా కుడి పేజీలు ఖాళీగా ఉండేవి. అలాంటిచోట ఆగి, “ఇది ఇంకా ఎవరూ చేసి చూడలేదు” అని నేను చెప్పాలి. ఆ మాటకు వినేవాళ్ళ ముఖాలు వాడిపోయేవి. తప్పు నాదైనట్టు నాకు నామోషీగా ఉండేది.

ఒక చలికాలం చిక్కుడుకు పేనుబంక, ఆకుల రసం పీల్చే సన్న పురుగు, పట్టింది. ఆవు మూత్రం చల్లితే పోతుందని ఎడమ పేజీలో ఉంది. ఎన్ని నీళ్ళు కలపాలో చెప్పినాయన చెప్పలేదు. మా పెరట్లో ఉన్న రెండు చిక్కుడు పాదుల్లో ఒకదానికి, నీళ్ళు బాగా కలిపి, చల్లమంది అత్త. రెండోదాన్ని వదిలేసి, పది రోజులు రెండింటినీ చూసి రాయమంది. పాలాయన కొట్టం నుంచి ఆవు మూత్రం చెంబు మోసుకొస్తుంటే బడి పిల్లలు చూస్తారని నాకు సిగ్గేసింది. వెళ్ళలేదు. పది రోజులయ్యాక కుడి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసేశాను: “లాలాగూడ. చిక్కుడు. చల్లాం. పురుగు పోయింది, చెట్టు పచ్చగా ఉంది.” అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు. ఆవుది కదా, చెడెలా చేస్తుంది? ఇంటా బయటా అందరూ అనేదే రాశాననుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న అత్త ఆ వారం పుస్తకం తెరవలేదు.

మర్నాడు ఘట్‌కేసర్ వైపు నుంచి వచ్చే కూరగాయల అక్క కూర్చుని వింది. ఆమెకున్నది ఒక్క చిక్కుడు మడి. దానిమీదే ఇల్లు గడిచేది.

“చేసి చూసిన్రా?” అని అడిగింది. పేజీ చూపించాను. చదువు రాకపోయినా, అక్షరాలున్న ఆ పేజీని వేళ్ళతో తడిమింది. “మీ అత్త బుక్కుల ఉన్నదంటే ఇగ ఫికరేంది” అని గంప ఎత్తుకుంది.

వారం తర్వాత ఆమె ఖాళీ గంపతో వచ్చింది. కొంగుమూట విప్పితే అంచులు మాడి ముడుచుకుపోయిన ఆకులు. ఆ రోజు అత్త ఇంట్లోనే ఉంది. నేను తలుపు వెనక్కి జరిగాను, ఆ అక్క తిడుతుందని. ఆమె తిట్టలేదు.

“టీచరమ్మా, మీకు మంచిగైంది, నాకు గిట్లయింది. సగం మడి మాడింది. నా చేతిలనే ఏదో దోషమున్నది. ఏం తప్పు జేసిన్నో జెర చెప్పుండ్రి, మిగిలిన సగమన్న దక్కించుకుంట.”

“నీళ్ళెన్ని కలిపినవక్కా?”

“నీళ్ళా? బిడ్డ సదివిన దాంట్ల నీళ్ళ ముచ్చటే లేదు గద. ఉత్తదే కొట్టిన.”

అత్త పుస్తకం తెరిచి నా రాత చూసింది. పెరటి తలుపులోంచి మా చిక్కుడు పాదుల వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

ఆకులు మాడింది ఆ అక్క కళ్ళెదుటే. అయినా ఆమె తన కళ్ళను నమ్మలేదు, నా గుండ్రటి అక్షరాలను నమ్మింది. “నేను చల్లలేదు” అన్నాను. తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చి మళ్ళీ చెప్పాను.

ఆ అక్క మాడిన ఆకులను మళ్ళీ కొంగులో ముడివేసి అత్తను అడిగింది, “అంటే నా తప్పేం లేదా?”

“లేదక్కా.”

ఆమె ఊపిరి వదిలి నా వైపు తిరిగింది. “ఓయమ్మా, తినుడు తప్ప చిక్కుడు సంగతి తెల్వదు గానీ, రాసుడు మాత్రం కలెక్టరు లెక్క రాస్తవ్!”

అత్త ఆ పేజీ చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. నా రాత కిందే “ఇది నేను చేయలేదు, ఊరికే రాశాను” అని నాచేత రాయించి, పేరు పెట్టించింది. దాని కింద ఆ అక్క చెబుతుంటే ఆమె మడి సంగతి రాశాను. ఆదివారం పాలాయన కొట్టం నుంచి నేనే చెంబు మోశాను. ముగ్గురం రైలెక్కి వెళ్ళి, ఒక వంతు మూత్రానికి పది వంతుల నీళ్ళు కలిపి, మిగిలిన సగంలో మూడు పాదులకు మాత్రమే చల్లాం. వారం గడిచినా ఆకు మాడలేదు. పేనుబంక తగ్గింది, పూర్తిగా పోలేదు. అలాగే రాశాం. తర్వాత ఆమె మిగతా పాదులకూ చల్లుకుంది. ఆ ఏడు ఆమె గంప సగమే నిండింది, ఆ సగమైనా దక్కింది.

ఆ పేజీ వచ్చినప్పుడల్లా నా అబద్ధం దగ్గర్నుంచి మొత్తం చదవాలన్నది అత్త షరతు. నా చెవులు ఎర్రబడేవి, ఆడవాళ్ళు కొంగు అడ్డంపెట్టుకుని నవ్వేవారు. వింతేమిటంటే, ఏ పేజీకీ అడగనన్ని ప్రశ్నలు ఆ పేజీకే అడిగేవారు. పొద్దున చల్లారా, ఎండలోనా? మూత్రం తాజాదా, నిలవ ఉంచినదా? వాటికోసం మరో రెండు కాగితాలు అంటించాల్సి వచ్చింది.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. రసాయనం అమ్మేవాళ్ళూ, ప్రకృతి పేరు చెప్పేవాళ్ళూ అందులో ఒకే గొంతుతో హామీలిస్తున్నారు. ఎవరు, ఎక్కడ, ఏ పంట మీద చేసి చూశారని అడిగి సభల్లో చాలామందికి కంటగింపయ్యాను. దానికి నాకు విచారం లేదు. కానీ ఎవరైనా వచ్చి, సేద్యం గురించో జబ్బు గురించో మొక్కు గురించో, “అందరికీ ఫలించిందట, నాకే ఫలించలేదు, లోపం నాలోనే ఉంది” అంటే మాత్రం నా వాదనలన్నీ పక్కనపెడతాను. వాళ్ళను కూర్చోబెట్టి, ముందు వాళ్ళ కళ్ళు ఏం చూశాయో చెప్పమంటాను. అడ్డు తగలకుండా వింటాను.