ముక్కు నీడ

తాండూరులో ఒక్క మనిషి ఫొటోనే పెద్దగా తీస్తే దానికి ఒకటే అర్థం. దండ ఫొటో. పోయాక గోడకు తగిలించి పూలదండ వెయ్యడానికి ముందుగానే తీయించి పెట్టుకున్నది. స్టేషన్ దగ్గర ఇరవై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న నాకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసీ మొండికేశాను. బతికున్న మనిషి ముఖాన్ని బాగా తియ్యాలని నా పిచ్చి.

మా పని ఎక్కువగా పాస్‌పోర్టు ఫొటోలే. చెరో పక్క లైటు పెట్టి ఒకేసారి కొడితే ముఖం అప్పడంలా చదునుగా వస్తుంది. చెంప ఏదో దవడ ఏదో తెలియదు. కూర్చున్నవాళ్లు కూడా భుజాలు చెవుల దాకా ఎత్తి, ఊపిరి బిగబట్టి, పోలీసుల ముందు కూర్చున్నట్టు చూస్తారు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఒక లైటు తీసేసి, రెండోదాన్ని పక్కకు జరిపి కంటికన్నా ఎత్తులో పెట్టాను. అవతలి వైపు వెలుగును తిప్పికొట్టడానికి తెల్లటి థర్మాకోల్ షీటు. భుజం కొంచెం తిప్పమనడం, గదవ, అదే గడ్డం, ముందుకు చాచి కాస్త దించమనడం, ఊపిరి వదిలిన క్షణాన నొక్కడం. ముక్కు నీడ పెదవి మీద పడకూడదన్నది నాకు కొత్తగా పట్టుకున్న మడి.

కందుల వ్యాపారి ఒకాయన తన ఫొటో చూసి, "సగం మొఖం నల్లగ కొట్టినవేంది? కరెంటు పోయిందా?" అన్నాడు. మళ్లీ రెండు లైట్లు పెట్టి తీసిచ్చాను.

అయినా మానలేదంటే కారణం మా అన్న. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి నాకు మొదటి కెమెరా కొనిచ్చింది ఆయనే. సెలవు దొరికితే పెళ్లిళ్లకు నాతో వచ్చి లైటు పట్టుకునేవాడు. లైటు పట్టుకున్నవాడు ఏ ఫొటోలోనూ పడడు. ఆయనకున్నది ఆధార్ కార్డు మీది ఫొటో ఒక్కటే. అందులో అన్న, కోడిని ఎత్తుకుపోతూ దొరికినవాడిలా ఉంటాడు. బాగా నేర్చుకున్నాక తీస్తాలే అని నేను ఏళ్ల తరబడి వాయిదా వేశాను.

ఇంతలో అన్నకు దగ్గు పట్టుకుంది. వికారాబాద్‌లో డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. రాతిదుమ్ము. మందులతో పోయేది కాదన్నాడు, నాకొక్కడికే వినపడేలా. అన్నకు తెలియదనే అనుకున్నాను.

ఆ వారమే, రేషన్ కార్డుకు ఫొటో కావాలని అబద్ధం చెప్పి స్టూడియోకు పిలిచాను. స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు సరిచూసుకోవడానికి ఒక ఫొటో కొట్టాను. సరిగ్గా అప్పుడే అన్న నా వైపు తిరిగి నవ్వుతున్నాడు.

"రేషన్ కార్డుకు గింత లైటెందుకురా? దండకని చెప్పరాదు?"

కెమెరా తెర మీద ఆ ఫొటో చూశాను. పళ్లన్నీ కనపడే నవ్వు, సగం మూసుకుపోయిన కళ్లు. ముక్కు నీడ పెదవి దాటి గదవ దాకా పడింది. లైటు తప్పు. సరిచూసుకోవడానికి తీసినవి వెంటనే తుడిచెయ్యడం నా అలవాటు. తుడిచేశాను.

"గట్ల గాదే అన్నా. జర గదవ ముందుకు పెట్టు. ఊపిరి ఇడువు."

ఊపిరి వదిలితే దగ్గు వచ్చేది. అది ఆగేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. చివరికి అన్నే ఉపాయం కనిపెట్టాడు. "జల్ది తియ్యి తమ్మీ" అని ఊపిరి బిగబట్టాడు. భుజాలు లేచాయి, కళ్లు పెద్దవయ్యాయి. అలా ముప్పై దాకా తీశాను. అన్నింటిలోనూ వెలుగు ఎక్కడ పడాలో అక్కడే పడింది.

కందులు కోతకు రాకముందే అన్న పోయాడు. మూడోనాడు వదిన ఫ్లెక్సీకి ఫొటో అడగడానికి వచ్చింది. ముప్పై ఫొటోలూ కంప్యూటర్‌లో పెట్టి చూపించాను. ఒక్కొక్కటే చివరిదాకా చూసింది.

"అన్నిట్ల ఊపిరాడనట్టే ఉన్నడు. మీ అన్న నవ్వింది ఒక్కటి గుడ లేదా నీ తాన?"

ఉండింది. నా కళ్లు కాలిపోను, నవ్వును చూడకుండా నీడను చూశాను. ఆ మెమరీ కార్డు మీద అప్పటికే రెండు పెళ్లిళ్లు తీశాను, ఇక తిరిగి రాదు. ఆ సంగతి వదినకు చెప్పే ధైర్యం రాలేదు.

"లేదు వదినా" అన్నాను.

వదిన కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసి నా ముందు పెట్టింది. దాన్నే పెద్దది చేసిచ్చాను. ఆ ఫొటోలో ముక్కు కింద నీడే లేదు.