బత్తాయి చేదు విరిచిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను సత్తెనపల్లిలో మా బడి స్టాఫ్‌రూములో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలిందట, మళ్లీ లేవలేదట. ఏడుస్తూనే మాచర్ల బస్సెక్కాను. పిడుగురాళ్ల దాటాక ఎవరో ఫోనుకి శ్రద్ధాంజలి కార్డు పంపారు. ‘బంగారుపిట్ట పానీయం వ్యవస్థాపకుల వదినగారు పరమపదించారు’ అని ఉంది. పెద్దమ్మ పేరు కన్నా ఆ మాటే పెద్ద అక్షరాల్లో ఉంది. అంతవరకూ ఆగని ఏడుపు అక్కడ ఆగిపోయింది. ఒళ్లు మండిపోయింది.

వ్యవస్థాపకుల వదినగారట! ఆవిడ ఎవరో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పల్నాట్లో ఒక వయసు దాటినవాళ్లకు బంగారుపిట్ట గుర్తుండే ఉంటుంది. గాజు సీసా మీద పసుప్పచ్చ పిట్ట బొమ్మ, లోపల గ్యాసు నింపిన బత్తాయి రసం. కొట్లో ఎవరూ పూర్తి పేరు అనేవాళ్లు కాదు. ‘రెండు పిట్టలియ్యి’ అనేవాళ్లు. పిట్టలు చల్లగా లేవని పెళ్లిళ్లలో మగపెళ్లివారు అలిగిన సంగతులు కూడా నేనెరుగుదును.

అది పుట్టింది పెద్దమ్మ వంటింట్లో. పెదనాన్నకు బత్తాయి తోట ఉండేది. ఒక ఏడు గాలివానకు కాయంతా రాలిపోయింది. రాలిన కాయను ఏ వ్యాపారీ ముట్టుకోడు. పారబోయడానికి మనసొప్పక ఆవిడ రసం తీసి, పంచదార పాకంలో కలిపి, సీసాల్లో పోసింది. మర్నాటికి నోట పెట్టలేనంత చేదు. బత్తాయి రసం గుణమే అంత. పిండినప్పుడు తియ్యగా ఉంటుంది, నిలవుంచితే చేదెక్కుతుంది. పెదనాన్న వదిలెయ్యమన్నాడు. ఆవిడ మూడు కాపుల పాటు దాన్ని పట్టుకునే కూర్చుంది. ఒకసారి తొక్క మందంగా చెక్కి చూసింది, ఒకసారి గింజలు ముందే ఏరేసి చూసింది. చివరికి తెల్లపొర, గింజ నలగకుండా చేత్తో పిండి, వెంటనే వేడి పాకంలో పోసి, దించాక కాస్త నిమ్మరసం కలిపితే చేదు విరిగింది.

హైస్కూలు చదువు కోసం నేను వాళ్లింట్లో ఉన్న రోజులవి. పెద్దమ్మకు పిల్లల్లేరు. రుచి చూడాల్సింది నేనే. గ్లాసు అందించి ఎదురుగా కూర్చుని, ‘నిజం చెప్పవే, నా మొహం చూసి చెప్పమాక’ అనేది. బాగాలేదంటే ఎంత సంతోషించేదో! ఎవరింటికి వెళ్లినా అక్కడున్న బత్తాయి తీసుకుని, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. నలుగురూ నవ్వేవాళ్లు. ఆవిడ పట్టించుకునేది కాదు.

దాన్ని అమ్మకానికి పెట్టడానికి గ్యాసు నింపే యంత్రం తెచ్చింది, షెడ్డు వేయించింది, లైసెన్సు కోసం తిరిగింది పెదనాన్న తమ్ముడు, మా బాబాయి. ఆ కష్టం నేను కాదనను. కానీ ముప్పై మంది ఆడవాళ్లను పనిలో పెట్టుకుని, ఒక్కొక్కరి పక్కనా కూర్చుని తొక్క తీయడం, పిండడం నేర్పింది పెద్దమ్మ. ఎవరైనా తొందరపడితే చెయ్యి పట్టుకుని, ‘పీక పిసికినట్టు పిసుకుతావేందే? నిదానంగా అడుగు, అదే ఇస్తది’ అనేది. సీసా మీద మాత్రం బాబాయి పేరే పడింది.

పెదనాన్న పోయాక నగరం నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు కొంటామని వచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఇంత రుచిగా ఎవరు చేస్తారని వాళ్లు అడిగారు. బాబాయి నవ్వి, "మా వదినె. లోపల వంటపని చూసుకుంటది" అన్నాడు.

పెద్దమ్మ కాఫీ పళ్లెం బల్ల మీద పెట్టింది. "అమ్ముకో అబ్బాయ్. పండు మాత్రం మానిపించమాక" అంది.

"మాటిస్తన్నా వదినె."

రెండు నెలలు తిరిగాయో లేదో, ఆడవాళ్లనెవరినీ రావద్దన్నారు. పండ్ల లారీలు ఆగిపోయాయి, ఎసెన్సు డబ్బాలు దిగాయి. పెద్దమ్మ నడుచుకుంటూ ఫ్యాక్టరీకి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. కాపలావాడు కొత్తవాడు, ఆవిడెవరో ఎరగడు. ఎదురు కొట్లో ఒక సీసా కొనుక్కుని, ఒక్క గుక్క తాగి ఊసేసి, మిగతాది ఆ గేటు ముందే పారబోసి వచ్చింది. ఏడాదికల్లా కంపెనీ పిట్టను పూర్తిగా ఆపేసి, కొట్లన్నిట్లో తన డ్రింకులు నింపింది. పీక నులమడానికే కొన్నారని అప్పటికి గాని మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు జనానికి పాత రుచుల మీద మోజు పుట్టింది కదా, ఈ వేసవిలో అదే కంపెనీ పిట్టను మళ్లీ బయటికి తీసింది. రేకు డబ్బా, దాని మీద బాబాయి ఫొటో, ఆయన కుర్రతనంలో కనిపెట్టిన రుచి అని ఒక కథ. నరసరావుపేటలో సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. పెద్దమ్మను పిలవలేదు. ఒక డబ్బా కొనుక్కుని నేనే వెళ్లాను, ఫోనులో ఆ సభ చూపించాను. చూపిస్తూనే తిట్లు లంకించుకున్నాను.

"నా పేరు ఏస్తే ఏంది, ఎయ్యకపోతే ఏందే? ఆ చిన్నచ్చరాలు చదువు" అంది.

డబ్బా అంచున ‘పండ్ల రసం లేదు’ అని ఉంది.

"బత్తాయి బొమ్మేసి, పండు లేదని కిందనే రాసుకున్నారు చూడు. చానా సిగ్గులేని పని" అంది. ఆ డబ్బాను తెరవకుండానే ఆవిడ పక్కకు నెట్టేసింది. నెల తిరక్కుండా పోయింది.

పెద్దకర్మ రోజు షామియానా కింద తొట్లలో మంచుగడ్డలు, వాటి మధ్య ఆ డబ్బాలే. కంపెనీ వాళ్లు పంపారట. బాబాయి తన చేత్తో అందరికీ అందిస్తున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"బాబాయ్, దీన్ని కనిపెట్టింది ఎవరో ఇయ్యాళన్నా చెప్పు" అన్నాను, అందరికీ వినబడేలా.

"ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ? పోయినామె పోయింది."

"పోయింది కాబట్టే అడుగుతున్నా. ఉన్నన్నాళ్లూ ఆమే నన్ను ఆపింది."

ఆయన చేతిలో డబ్బాను కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "కాగితాల్లో వదినె పేరుంటే, ఎప్పుడన్నా అమ్మాలంటే ఆమె సంతకం కావాల్సొచ్చేది. ఆమె పెట్టేది కాదు. అందుకే మొదట్నించీ ఎక్కించలా" అన్నాడు.

మొదటినుంచీ! ఆవిడ ఆయన్ని నమ్మి ముప్పై మందికి పని నేర్పుతున్న రోజుల్లోనే. ఈ మనిషిని నేను క్షమించను. పెద్దవాడు కదా అని ఎవరూ నాకు చెప్పవద్దు.

అప్పుడు ఒక ముసలామె లేచింది. మొదటి రోజు నుంచి తొక్క తీసిన మనిషి. ఇంకా తెరవని డబ్బాను బాబాయి కాళ్ల దగ్గర పెట్టి, "దాహమేస్తే నీళ్లు తాగుతాం. పదండే" అంది. పాత పనివాళ్లు పదిమంది దాకా వచ్చారు ఆ రోజు. అందరూ ఆమె వెనకే నడిచారు.

వీధి కుళాయి దగ్గర, నడినెత్తిన ఎండలో వరసగా నిలబడ్డారు. ఒకరి తర్వాత ఒకరు వంగి దోసిలి పట్టి తాగారు. ఆఖరామె తాగి, కుళాయి బిగించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ రోడ్డెక్కింది.