డాక్టరుగారి ఒకే ఒక్క ప్రశ్న

కాట్రేనికోన డాక్టరు సూర్యప్రకాశరావుగారికి లోకంలో ఒకటే ప్రశ్న తెలుసు: "పొద్దున్నేం తిన్నారండీ?" అన్నేళ్ళు ఎంబీబీఎస్ చదివి ఆయన నేర్చుకున్నది ఈ రెండు ముక్కలేనని అదే ఊళ్ళో ఉండే భవానీదేవి గట్టి నమ్మకం.

కాలు బెణికినా అదే, చెవి పోటెత్తినా అదే. ఓసారి చేపలుపట్టే నాగబాబు వేలికి గాలం గుచ్చుకుని, నెత్తురోడుతూ పరిగెత్తుకొచ్చేడు.

"పొద్దున్నేం తిన్నావు?"

"గాలం తినలేదండీ బాబూ, గుచ్చుకుంది!"

"అది కనబడుతూనే ఉంది. తిన్నదే కనబడట్లేదు." చద్దన్నం అని చెప్పేకే కట్టు కట్టేరు.

పిల్లలైతే మరీను. భవానీదేవి కూతురు సత్యశ్రీకి తొమ్మిదేళ్ళు. టీకాలనాటి నుంచీ ఆయన చేతిలోనే పెరిగింది. పళ్ళు తోమేవా, ఎన్నింటికి పడుకున్నావు, ఏం ఆడేవు? జవాబులన్నీ ఓ లావుపాటి పుస్తకంలో రాసుకుంటారు. ఆ రాసేదేదో మందుల చీటీ మీద రాయొచ్చు కదా అని భవానీదేవి బాధ.

జూన్‌లో భర్త హరిబాబు కువైట్ వెళ్ళేడు. ఆగస్టుకల్లా సత్యశ్రీకి కడుపునొప్పి పట్టుకుంది. రోజూ బళ్ళో ప్రార్థన వేళకి మెలికలు తిరిగిపోతోంది. "ఈయనగారికి ఇడ్లీల పురాణం చెప్పే ఓపిక నాకు లేదు" అని భవానీదేవి పిల్లని అమలాపురంలో ఓ ఏసీ ఆసుపత్రికి తీసికెళ్ళింది.

అబ్బ, ఎంత మర్యాద! ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మూడుసార్లు వెళితే ముగ్గురు డాక్టర్లు. ముగ్గురూ కంప్యూటర్నే క్షుణ్ణంగా పరీక్షించేరు. రక్తం తీసేరు, స్కానింగు తీసేరు, అంతా నార్మలన్నారు. నార్మల్‌గా ఉన్నందుకు నాలుగు టానిక్కులు రాసేరు. నొప్పి కూడా నార్మల్‌గానే రోజూ వచ్చింది.

చివరికి తల దించుకుని పాత గుమ్మమే ఎక్కింది. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళేరనైనా అడగలేదాయన.

"పొద్దున్నేం తిన్నావమ్మా?"

"ఇడ్లీ అండీ."

"ఎన్ని?"

పిల్ల ఓరగా తల్లివంక చూసింది. ఆయన పుస్తకం తిరగేసేరు. "కిందటేడు మార్చి: నాన్నా నేనూ ఒకే కంచంలో తిన్నాం. డిసెంబరు: ఒకే కంచంలో. నాన్న నా చట్నీ కూడా తినేసేడు..." చదవడం ఆపి, నెమ్మదిగా అడిగేరు. "ఇప్పుడా కంచంలో ఎవరు తింటున్నారమ్మా?"

"కోళ్ళండీ," అంది సత్యశ్రీ, కళ్ళనిండా నీళ్ళతో. "ఒక్కదాన్నే తినబుద్ధి కావట్లేదు. అమ్మ లోపలికెళ్ళగానే పెరట్లో వేసేస్తన్నానండీ."

"అందుకా అవి అలా బలిసేయి!" అంది భవానీదేవి, ఏడవాలో నవ్వాలో తెలీక.

డాక్టరుగారు ఆవిడని ఒక్క మాటా అనలేదు. అక్కణ్ణించే కువైట్‌కి ఫోను చేయించేరు.

"ఏమండీ హరిబాబుగారూ, పొద్దున్నేం తిన్నారు?"

"ఆయ్, టీ తాగేనండీ."

"బావుంది. ఇద్దరికీ ఒకటే జబ్బు." చీటీ మీద ఒకటే మందు రాసేరు: ఉదయం ఏడింటికి వీడియో కాల్, తండ్రీకూతుళ్ళు కలిసి తినాలి.

"మరి టానిక్కులండీ?" అంది భవానీదేవి.

"కోళ్ళకి పట్టండి. పాపం, రేపట్నించి వాటికే నీరసం."

మర్నాడు ఏడింటికి, అక్కడింకా తెల్లారకుండానే, హరిబాబు మాడిన ఉప్మాతో ఫోను ముందు కూర్చున్నాడు. "ఉప్మానా నాన్నా అది, కొబ్బరిపీచా?" అని పడీపడీ నవ్వుతూ సత్యశ్రీ కంచం ఖాళీ చేసేసి, ఇంకోటి వెయ్యమంది. వీధిలో స్కూలు బస్సు రెండుసార్లు హారను కొట్టి వెళ్ళిపోయింది. భవానీదేవి ఇంకో ఇడ్లీ వేసి, స్కూటీ తాళాలు వెతుక్కుంది.